తాబేలు ఎవరిది?

మా అత్తగారు వేసవికి ఇంగ్లండ్ వచ్చినప్పుడు, మనవరాలు చదువుతున్న నవల అట్ట చూసి వెంటనే తీర్పు చెప్పేశారు. అంతరిక్షంలో ఈదే తాబేలు, దాని వీపు మీద నాలుగు ఏనుగులు, వాటి మీద పళ్లెంలాంటి ప్రపంచం. "ఇదంతా మన కూర్మావతారమే. కాకపోతే దిగ్గజాలు ఎనిమిది, ఈయన సగమే వేశాడు" అన్నారు.

ఈయన అంటే ఇంగ్లిష్ రచయిత టెర్రీ ప్రాచెట్. ఆ పళ్లెం ప్రపంచంలో నడిచే 'డిస్క్‌వరల్డ్' నవలలు 1983లో మొదలుపెట్టి 41 రాశారు. ఆఖరిది 2015లో, ఆయన పోయాక వచ్చింది. మా అమ్మాయికి బడి లైబ్రరీలో తగిలారు, ఇక వదల్లేదు.

"అంతా మనదే" అనే మాట నాకు రుచించదు. పుష్పక విమానం దగ్గర మొదలై ఎక్కడెక్కడికో పోతుంది. మా అమ్మాయీ ఊరుకోలేదు. "ఆ తాబేలు మగదో ఆడదో అక్కడి పండితులకే తెలియదు నానమ్మా! కనుక్కోవడానికి ప్రపంచం అంచు నుంచి మనుషుల్ని కిందికి దించబోతారు" అంది. అత్తగారు చిక్కుడుకాయల ఈనెలు తీస్తూనే జవాబిచ్చారు: "క్షీరసాగర మథనంలో కొండ కింద తాబేలూ విష్ణువే, అమృతం పంచిన మోహినీ విష్ణువే. మగా ఆడా అని అక్కడెవరడిగారు?" పిల్ల పుస్తకం మూసేసింది. తెలుగు తరగతిలో దశావతారాలు గడగడా అప్పజెప్పిన పిల్లే. ఆ రెండు రూపాలూ ఒకే కథలోవని అప్పుడే తెలిసినట్టుంది.

తర్వాత మృత్యువు. ప్రాచెట్ నవలల్లో అదొక పాత్ర: చేతిలో కొడవలి, తెల్ల గుర్రం, దానికి బింకీ అని ముద్దు పేరు. పిల్లులంటే ప్రాణం. 'మోర్ట్' (1987)లో తన పని నేర్పడానికి ఒక కుర్రవాణ్ణి చేర్చుకుంటాడు. మా అమ్మాయికి తెలిసిన యముడేమో దున్నపోతు మీద మీసాలు మెలేసిన బొమ్మ. అప్పుడు అత్తగారు నచికేతుడి కథ అందుకున్నారు. యముడు ఇంట లేనప్పుడు వచ్చిన పిల్లవాడు మూడు రాత్రులు తిండి లేకుండా ఎదురుచూస్తే, తిరిగొచ్చిన యముడు అతిథిని పస్తుంచానే అని నొచ్చుకుని మూడు వరాలిస్తాడు. ఇద్దరూ మర్యాద తెలిసిన ఉద్యోగులేనని నానమ్మా మనవరాలూ తేల్చుకున్నారు. చావు మాట ఎత్తితేనే కసురుకునే మనిషి, ఆ సాయంత్రమంతా దాని గురించే కబుర్లు చెప్పారు.

'స్మాల్ గాడ్స్' (1992)లో ఒక దేవుడు ఘనంగా అవతరించబోయి మామూలు తాబేలై చిక్కుకుంటాడు. గుడి ఉంది, సైన్యం ఉంది, మతవిరోధులను హింసించే అధికారులున్నారు. నిజంగా నమ్మేవాడు మాత్రం బ్రూథా ఒక్కడే మిగిలాడు. నమ్మేవాళ్లు తగ్గితే దేవుడు చిక్కిపోతాడు. ఆ దేవుడి పేరు ఓమ్. అది మాత్రం అత్తగారికి చెప్పలేదు. పుస్తకం పూర్తయ్యాక అమ్మాయి నన్నడిగింది: "నువ్వు రోజూ దీపం పెట్టేది నమ్మకంతోనా, అలవాటుగానా?" అలవాటే ఎక్కువ అన్నాను. అత్తగారు విననట్టే ఉన్నారు.

దేవుళ్లను వేళాకోళం చేసే పుస్తకాలు పిల్లలకెందుకని ఒక స్నేహితురాలు అడిగింది. వేమన పద్యాలు నేర్పుతున్న ఇంట్లో దీనికి ఉలిక్కిపడటం దేనికి? ప్రాచెట్ కోపమంతా నమ్మకాన్ని అడ్డుపెట్టుకుని పెత్తనం చేసేవాళ్ల మీద. బ్రూథా భక్తి జోలికి పోరు.

నా అభ్యంతరం వేరేచోట. 'ఇంట్రెస్టింగ్ టైమ్స్' (1994)లో చైనా, జపాన్‌లను కలిపి కుట్టిన ఒక సామ్రాజ్యం ఉంది. అక్కడి హాస్యం చాలాచోట్ల తూర్పు దేశాల మీద ఇక్కడివాళ్లు ఎప్పటినుంచో వేసుకుంటున్న అరిగిపోయిన జోకులే. అయినా ఆ పుస్తకం మా అమ్మాయికి దొరక్కుండా దాచలేదు. సగం చదివాక మా అమ్మాయి, చైనా నుంచి వచ్చిన కుటుంబంలోని తన స్నేహితురాలిని తలచుకుంది. "ఇది తనకిస్తే నవ్వుతుందా అమ్మా?"

నీకు నవ్వొచ్చిందా అని అడిగాను.

"కొన్నిచోట్ల వచ్చింది. తను పక్కనుంటే నవ్వలేను" అంది. ఆ పిల్లకు 'మోర్ట్' ఇచ్చింది.