వాళ్ల వడగాలి మాకు, మా తేమ వాళ్లకు

మే నెలలో కడపకు పోతున్నానంటే ఇంట్లో అందరూ పిచ్చోణ్ణి చూసినట్టు చూశారు. పనిబడింది, తప్పలేదు. ఆత్మకూరు, బద్వేలు మీదుగా పగటి బస్సు. వెలికొండలు దాటేదాకా చొక్కా వీపుకి అతుక్కుపోయి అంతా మన నెల్లూరు ఉక్కే, ఆ తర్వాత చూస్తే చొక్కా పొడిగా ఉంది. హమ్మయ్య అనుకుంటుంటే పక్క సీటు పెద్దాయన, "నీళ్లు తాగు నాయనా, ఈడ చెమట పట్టదనుకుంటారు మీ పక్కోళ్లు. పడతాది, కనపడేలోగా ఆరిపోతాది" అన్నాడు.

అక్కడితో ఆగలేదు. మీ 38కే వడదెబ్బ అంటారే అని ఎగతాళి. నేనూ ఊరుకోలేదు. మైదాన ప్రాంతాల్లో 40 దాటితేగానీ వడగాలి అనని వాతావరణ శాఖే, కోస్తాలో మామూలు కంటే నాలుగున్నర డిగ్రీలు పెరిగి 37 తాకితే చాలంటుంది, గాలిలో తేముంటే చెమట ఆరదు, ఆరకపోతే ఒంట్లో వేడి దిగదు అని వాదించా. ఆయన కాసేపాలోచించి, "అయితే మీది ఉడకబెట్టే ఎండ, మాది వేయించేది" అని తేల్చేశాడు.

కడపలో పని గురించి రాయడానికేం లేదు. నీళ్ల బాటిల్‌కి కూలింగ్ చార్జీ అని ఐదు రూపాయలు ఎక్కువ లాగారు, అదొక్కటీ గుర్తుంది.

ఎలాగూ వచ్చాం కదా అని ఒంటిమిట్ట వెళ్లా. గుడి ఆవరణలో బండలు కాలి, తడిపిన పట్టా మీద నుంచి అడుగు పక్కన పడితే ఎగిరి గంతేయడమే. దర్శనమై రోడ్డు మీదికొచ్చేసరికి కొండల వైపు నల్లగా కమ్ముకొచ్చింది. చుట్టుపక్కల ఫోన్లన్నీ టింగుమన్నాయి, పిడుగులు పడతాయని విపత్తుల సంస్థ మెసేజ్. ఇంతలో ఎర్రటి దుమ్ము లేచి ఫ్లెక్సీ ఒకటి చిరిగి తీగల మీద పడింది. బైకుల మీద పోయేవాళ్లు చింతచెట్టు కింద ఆపబోతుంటే మజ్జిగ అమ్మే ఆమె కేకేసింది, "చెట్టు కిందికి పోబాకండి, చస్తారు!" తన రేకుల బంకు కిందా ఉండనీయలేదు, అందరినీ ఎదురుగా ఉన్న మిద్దెలోకి తోలింది. 2018 మార్చి 30న, రాములోరి కల్యాణం రోజు, ఇలాంటి గాలివానకే పందిళ్లు, రేకులు కూలాయి, నలుగురు చనిపోయారు. అప్పటి నుంచి గాలి లేస్తే రేకుల కింద ఉండలేనంది.

మెరుపుకీ ఉరుముకీ మధ్య లెక్కపెట్టా. మూడు సెకన్లకో కిలోమీటరు. తొమ్మిది, ఆరు, ఆ తర్వాత లెక్కపెట్టే సందే లేదు. వడగళ్లు రేకుల మీద పడుతుంటే మాటలు వినిపించలేదు. నెల్లూరు మండిపోయేది పడమటి గాలి సముద్రపు గాలిని అడ్డుకున్న రోజున. ఆ వేడి వచ్చేది ఈ వైపు నుంచే. ఇక్కడి సాయంత్రపు వానకు మాత్రం తేమ మా బంగాళాఖాతం పంపాలి. ఇదేం బేరమో!

వాన తగ్గినా ఆమె కదలనివ్వలేదు, ఆఖరి ఉరుము తర్వాత అరగంట ఆగాలట. మాట నిజమే, కాదన్లేను. కానీ ఆ అరగంటలోనే కడప బస్సు మా కళ్ల ముందే వెళ్లిపోయింది. ఆటో అతను నాలుగొందలన్నాడు. మూడొందలకు బేరమాడితే, "రోడ్డు మీద కొమ్మలు పడుండాయి సామీ, అవి తీసుకుంటా పోవాల" అన్నాడు. మూడొందల యాభైకి ఒప్పుకుని, దారిలో రెండుసార్లు నాతోనే కొమ్మలు లాగించాడు.