అరగంట పని అన్నాను, రెండు రాత్రులు పట్టింది: కనపడని ఎస్‌ఎస్‌డీతో నా అనుభవం

నిన్న రాత్రి ఒంటిగంటన్నరకు ఆ ఎస్‌ఎస్‌డీ (హార్డ్ డిస్క్ బదులు వాడే స్టోరేజ్) స్క్రీన్ మీద కనపడింది. కళ్లు ఇంకా మండుతున్నాయి. అయినా చల్లారక ముందే రాసేస్తున్నా, లేకపోతే మళ్లీ ఇదే తప్పు చేస్తాను.

సంగతి చిన్నదే. మా బావమరిది లాప్‌టాప్ నత్తలా పాకుతోంది. అంతా తుడిచేసి విండోస్ 11 కొత్తగా ఎక్కించమన్నాడు. ఇంటెల్ 11వ తరం ప్రాసెసర్, ఎన్‌వీఎంఈ అనే వేగమైన రకం ఎస్‌ఎస్‌డీ. "అరగంట పని, ఇచ్చి వెళ్లు" అన్నాను. ఆ మాటే నా కొంప ముంచింది.

ఊరికే కోతలు కొయ్యలేదు. ఎక్స్‌పీ రోజుల్లో ఈ విద్యలో నాకు పేరుండేది. విండోస్ ఎక్స్‌పీ సీడీలో ఏహెచ్‌సీఐ డ్రైవర్లు, అంటే కొత్త రకం హార్డ్ డిస్క్ కంట్రోలర్‌తో మాట్లాడించే ప్రోగ్రాములు, ఉండేవి కావు. కొత్త సిస్టమ్‌లో సీడీ పెడితే హార్డ్ డిస్క్ లేదనేది, లేదా నీలం తెర మీద 7బీ అనే ఎర్రర్ కోడ్ చూపించి చచ్చేది. దానికి కంపెనీ వాళ్లు చెప్పిన దారి, సెటప్ మొదలవగానే ఎఫ్6 నొక్కి ఫ్లాపీ పెట్టడం. అప్పటికే లాప్‌టాప్‌లలో ఫ్లాపీ డ్రైవులు మాయమైపోయాయి. మనం ఎన్‌లైట్ అనే టూల్‌తో డ్రైవర్‌ని సీడీలోనే కలిపేసేవాళ్లం. డ్రైవర్‌ని 'టెక్స్ట్‌మోడ్'గా (సెటప్ మొదట్లోనే పనికొచ్చేలా) కలపాలా, మామూలుగా కలపాలా అన్న దగ్గరే సగంమంది బోల్తా పడేవాళ్లు. నేను పడలేదు. ఆ సీడీలు ఎంతమందికి రాసిచ్చానో లెక్కే లేదు.

కాబట్టి ఈసారీ డ్రైవర్లన్నీ ముందే కలిపి సొంత ఇన్‌స్టలేషన్ డిస్క్ చేద్దామనుకున్నాను. డిస్క్ అన్నది అలవాటు మాట, పెన్ డ్రైవే. మైక్రోసాఫ్ట్ సైట్ నుంచి ఐఎస్‌ఓ (ఇన్‌స్టలేషన్ డిస్క్ మొత్తం ఉన్న ఒకే ఫైల్) దించాను. అందులో ఉన్న ఎడిషన్లలో హోమ్ ఒక్కటే బయటికి తీశాను. లాప్‌టాప్‌లోకి ఎక్కే విండోస్ ఉండేది ఇన్‌స్టాల్.విమ్ ఫైల్‌లో. ఐఎస్‌ఓ నుంచి కాపీ చేస్తే అది రీడ్-ఓన్లీగా వస్తుంది, ఆ గుర్తు తీసేయకపోతే డిజమ్ (ఇలాంటి ఫైళ్లను మార్చే విండోస్ టూల్) యాక్సెస్ లేదంటుంది. తీసేశాను. ఎఫ్‌ఏటీ32 పద్ధతిలో ఫార్మాట్ చేసిన పెన్ డ్రైవ్‌లో 4 జీబీ దాటిన ఫైల్ పట్టదు, డ్రైవర్లు కలిపాక చివర్లో ముక్కలు చెయ్యాలని అనుకున్నాను. ఇదంతా గంటలోపే అయిపోయింది.

ఇక డ్రైవర్లు. ఇంటెల్ 11వ తరం లాప్‌టాప్‌లలో చాలావాటికి వీఎండీ అని ఒక కంట్రోలర్ ఆన్‌లో ఉంటుంది. ఎస్‌ఎస్‌డీ దాని వెనక దాక్కుంటుంది. విండోస్‌లో ఉన్న మామూలు ఎన్‌వీఎంఈ డ్రైవర్‌కి ముందున్న వీఎండీ గోడే కనపడుతుంది, వెనక ఎస్‌ఎస్‌డీ కనపడదు. అందుకే ఇంటెల్ ర్యాపిడ్ స్టోరేజ్ డ్రైవర్ కావాలి. ఇదంతా నాకు ముందే తెలుసు! సైట్‌కి వెళ్లి అన్నిటికంటే కొత్తది, 20తో మొదలయ్యే వెర్షన్ దించాను. కొత్తదైతే మంచిదే కదా. సెటప్‌ని నడిపే బూట్.విమ్ ఫైల్‌లోనూ ఇన్‌స్టాల్.విమ్‌లోనూ కలిపాను. ప్రతిసారీ డిజమ్ 'ఆపరేషన్ విజయవంతంగా పూర్తయింది' అని ఇంగ్లీషులో చక్కగా చెప్పింది. మా వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని బూట్ చేశాను.

డ్రైవులు ఏవీ దొరకలేదంది సెటప్.

పోర్ట్ మార్చాను. పెన్ డ్రైవ్ మార్చాను. లోడ్ డ్రైవర్ నొక్కి అదే ఫోల్డర్ చూపించాను. సంతకం ఉన్న డ్రైవర్లేవీ కనపడలేదంది. అక్కడ కింద చిన్న టిక్కు ఉంటుంది, ఈ కంప్యూటర్‌కి సరిపడని డ్రైవర్లను దాచమని. ఆ టిక్కు తీసేస్తే పేర్లు వరసగా వచ్చాయి. ఒకటి ఎంచుకుని నెక్స్ట్ కొట్టాను. గీత నెమ్మదిగా జరిగి చివరికొచ్చింది, మళ్లీ అదే ఖాళీ జాబితా.

ఇప్పుడు ఆలోచిస్తే సిగ్గేస్తోంది. 'సరిపడనివి దాచు' అంటే మొత్తం మాయం, టిక్కు తీస్తే అన్నీ ప్రత్యక్షం. మెషీన్ అంతకంటే స్పష్టంగా ఎలా చెబుతుంది, "ఇవి నావి కావురా నాయనా" అని? నాకు ఎక్కలేదు. ఎస్‌ఎస్‌డీనే అనుమానించాను.

అక్కడ చేసిన పిచ్చిపని ఇంకోటి, లాప్‌టాప్ కంపెనీ సపోర్ట్‌కి చాట్ చేశాను. నలభై నిమిషాలు నిరీక్షణ. సెటప్‌లో డిస్క్ కనపడట్లేదు అని టైప్ చేశానో లేదో, "సర్, మీ స్టోరేజ్ పాడైంది, మార్చాలి" అని తీర్పొచ్చింది. పెన్ డ్రైవ్ తీస్తే పాత విండోస్ అదే ఎస్‌ఎస్‌డీ నుంచి నిక్షేపంగా లేస్తోంది, పాడైతే ఎలా లేస్తుందయ్యా అంటే, "అర్థమైంది సర్, మార్చాలి" అని మళ్లీ అదే. ఇలా మాటొక్కటే నేర్చుకుని బాగున్న సామానుని పారేయించే వాళ్లకు దండం పెట్టి పారిపోవడమే. మీ ఎస్‌ఎస్‌డీ పోయిందని ఎవరైనా అంటే ముందు బయోస్‌లో (విండోస్ కంటే ముందు తెరుచుకునే సెట్టింగుల తెర) దాని పేరు కనపడుతోందో లేదో చూసుకోండి. కనపడితే తొందరపడి పైసా తియ్యకండి.

బయోస్ అంటే గుర్తొచ్చింది. వీఎండీని అక్కడే ఆఫ్ చేస్తే డ్రైవర్ గొడవే ఉండదు, మామూలు ఎన్‌వీఎంఈ డ్రైవర్‌తో పనైపోతుంది. కానీ ఈ లాప్‌టాప్ బయోస్‌లో ఆ ఆప్షనే లేదు, దాచేశారు. మీదాంట్లో ఉన్నా పాత విండోస్ అలాగే ఉంచుకోవాలనుకుంటే ఊరికే మార్చకండి, నీలం తెరే గతి.

మొదటి రాత్రి అలా గడిచింది. మా బావమరిది వెళ్తూ వెళ్తూ, "పోనీలెండి బావా, షాపులో ఇస్తాను" అన్నాడు. వాడు మర్యాదగానే అన్నాడు. నాకు మాత్రం ఎక్కడో కాలింది.

రెండో రోజు సాయంత్రం పాత విండోస్‌లోకి వెళ్లి, మొట్టమొదట చెయ్యాల్సిన పని అప్పుడు చేశాను. డివైస్ మేనేజర్ తెరిచి, స్టోరేజ్ కంట్రోలర్ ప్రాపర్టీస్‌లో హార్డ్‌వేర్ ఐడీ చూశాను. అందులో 9ఏ0బీ అని ఉంది. నేను కలిపిన డ్రైవర్ ఐఎన్‌ఎఫ్ ఫైల్‌ని (ఏ హార్డ్‌వేర్‌కి పనికొస్తుందో అందులో రాసి ఉంటుంది) నోట్‌ప్యాడ్‌లో తెరిచి వెతికాను. 467ఎఫ్ ఉంది, ఏ77ఎఫ్ ఉంది, అవి 12, 13 తరాల వాళ్లవి. 9ఏ0బీ లేదు. 20 వెర్షన్ 12వ తరం నుంచి పైవాటికి. 11వ తరానికి 19 వెర్షన్ దించుకోవాలి. ఇది ఆ డౌన్‌లోడ్ పేజీ పేరులోనే రాసి ఉంది. నేను చదవలేదు. డిజమ్‌ది తప్పేం లేదు, ఇచ్చిన డ్రైవర్‌ని లోపల పెట్టడమే దాని పని. ఏ మెషీన్‌కని అది అడగదు.

19 దించాను. ఇన్‌స్టాలర్ నుంచి డ్రైవర్ ఫైళ్లు విడిగా తియ్యడానికి కమాండ్ ప్రాంప్ట్‌లో చివర '-ఎక్స్‌ట్రాక్ట్‌డ్రైవర్స్' అని, ఫోల్డర్ పేరు ఇవ్వాలి. నోట్‌ప్యాడ్‌లో వెతికితే 9ఏ0బీ తళుక్కున మెరిసింది. పాత ఐఎస్‌ఓతో మళ్లీ మొదటి నుంచి చేశాను. మా వాడికి ఫోన్ చేసి "వచ్చి చూడు" అన్నాను. వచ్చాడు. బూట్ చేశాను.

డ్రైవులు ఏవీ దొరకలేదు.

వాడు ఏమీ అనలేదు, ఫోన్ చూసుకుంటూ కూర్చున్నాడు. అదే ఎక్కువ బాధ.

ఈసారి పంతం వచ్చింది. సెటప్‌లో షిఫ్ట్, ఎఫ్10 నొక్కితే నల్ల తెర, అంటే కమాండ్ ప్రాంప్ట్ వస్తుంది. డిస్కుల సంగతి చూసే డిస్క్‌పార్ట్‌లో 'లిస్ట్ డిస్క్' అని కొడితే పెన్ డ్రైవ్ ఒక్కటే. బయటికొచ్చి, అప్పటికప్పుడు డ్రైవర్ ఎక్కించే డ్రవ్‌లోడ్ కమాండ్‌తో పెన్ డ్రైవ్‌లో ఉన్న 19 ఐఎన్‌ఎఫ్ ఫైల్ చూపించాను. మళ్లీ లిస్ట్ డిస్క్. ఎస్‌ఎస్‌డీ వచ్చింది! 476 జీబీ అని. అంటే డ్రైవర్ మంచిదే, నేను కలిపిన చోటే తప్పు.

బూట్.విమ్‌లో రెండు ఇండెక్సులుంటాయి, అంటే రెండు విడివిడి భాగాలు. 1 విండోస్ పీఈ (చిన్నపాటి విండోస్), 2 విండోస్ సెటప్. పెన్ డ్రైవ్ నుంచి లేచేది 2. మొదటి రాత్రి 2లోనే కలిపాను, తప్పుడు డ్రైవర్. రెండో రాత్రి సరైన డ్రైవర్ దొరికిందన్న ఉత్సాహంలో చెయ్యి 1 కొట్టింది, అప్పుడూ డిజమ్ విజయవంతం అనే అంది. ఎన్‌లైట్ కాలంలో టెక్స్ట్‌మోడ్ దగ్గర బోల్తా పడ్డవాళ్లని చూసి నవ్విన నేను, ఇరవయ్యేళ్ల తర్వాత అదే రకం గుంటలో పడ్డాను.

డ్రవ్‌లోడ్‌తో కనపడింది కదా, అలాగే కానిచ్చేయొచ్చు. కానిచ్చేయలేదు. మెషీన్ ఆపి, ఇండెక్స్ 2లో కలిపి, కమిట్ (సేవ్) చేసి, ఇంకోసారి బూట్ చేశాను. ఈసారి ఏమీ నొక్కకుండానే జాబితాలో ఎస్‌ఎస్‌డీ, దాని కింద పాత పార్టిషన్లు నాలుగు. అప్పుడు టైము ఒంటిగంటన్నర. ఇన్‌స్టాల్.విమ్‌లో వైఫై డ్రైవర్ కూడా కలిపి ఉంచాను కాబట్టి మొదటి సెటప్‌లో నెట్ అడిగినప్పుడు దానంతటదే దొరికింది, ఇది మాత్రం నా గొప్పే.

తమాషా ఏంటంటే, వీఎండీ డ్రైవర్‌ని ఇంటెల్ విడి జిప్‌గా ఇచ్చినప్పుడు దాని పేరులో ఇప్పటికీ 'ఎఫ్6', 'ఎఫ్ఎల్‌పీవై' అని ఉంటాయి. ఫ్లాపీ అన్నమాట.

పెన్ డ్రైవ్ మీద టేపు అంటించి 9ఏ0బీ, 19, ఇండెక్స్ 2 అని రాశాను. మా బావమరిది అది చూసి, "బావా, ఇదేమన్నా లాకర్ నంబరా?" అన్నాడు.