32వ గడి

మా ఫ్రిజ్ తలుపు మీద ఒక కార్డు ఉండేది. 40 గడులు. భస్మ బుధవారం నాడు గుడిలో పంచారు. ఆ రోజు మొదలై ఈస్టరు ముందురోజు దాకా సాగే శ్రమల దినాలు మొత్తం 46 రోజులైనా ఆదివారాలు లెక్కలోకి రావు కాబట్టి 40 గడులే. ఉపవాసం ఉన్న రోజు గడిలో సిలువ గుర్తు పెట్టుకుని, ఈస్టరు నాడు కార్డు కానుకల సంచిలో వెయ్యాలి. నాకు ఇలాంటివంటే చిన్నప్పటి నుంచీ ప్రాణం. సండే స్కూల్లో హాజరు బహుమతి ఏ ఏడూ వదల్లేదు.

పొద్దున లేచింది మొదలు సాయంత్రం ఐదింటి దాకా మంచినీళ్లే. తెల్లచీర. పూలు లేవు, తలకి నూనె కూడా లేదు, జుట్టు కొబ్బరిపీచే. గుడి మెట్ల దగ్గర ఎవరైనా "ఉపవాసాలా అమ్మా, ముఖం పీక్కుపోయింది" అంటే "ఏదో, ప్రభువు బలమిస్తున్నాడు" అనేదాన్ని. ఆ మాటతోనే నాకు సగం కడుపు నిండేది.

అలా 31 గడులు నిండాయి. 32వ రోజు గురువారం. నాయన్ని కాలి పుండు ముదిరి ఒంగోల్లో ఆసుపత్రిలో చేర్చారని ఫోనొస్తే గుంటూరులో తొలి బస్సెక్కా. ఆయనకి 76 ఏళ్లు, ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. ఎప్పటినుంచో షుగరు. నర్సు ఇన్సులిన్ వేసి, వెంటనే ఏమన్నా పెట్టమని చెప్పి వెళ్లింది. కింద క్యాంటీన్లో రెండు ఇడ్లీలు కట్టించుకొచ్చా.

"నువ్వు తిన్నావా?"

"నాకు ఉపవాసం నాయనా."

"అయితే నాకూ ఉపవాసమే" అని గోడవైపు తిరిగి పడుకున్నాడు.

బతిమాలాను, కసిరాను. ఇన్సులిన్ వేసి పది నిమిషాలయింది. రాయడానికి సిగ్గుగానే ఉంది గానీ, అప్పుడు నా బుర్రలో తిరుగుతున్నది ఆయన షుగరు పడిపోతుందన్న భయం కాదు. ఇంట్లో ఫ్రిజ్ మీదున్న 32వ గడి.

చివరికి ఒక ఇడ్లీ తుంచి నోట్లో పెట్టుకున్నా. ఆయన ఇటు తిరిగి రెండోది అందుకున్నాడు. కార్డు సంగతి చెప్పేటప్పటికి నాకు గొంతు పూడుకుపోయింది, ఆయనకి నవ్వొచ్చింది.

"పైన చెకింగ్ ఉంటదా ఏంది, కార్డు చూపిచ్చడానికి?"

మా పుట్టింటివాళ్లు బాప్టిస్టులు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో బాప్తిస్మం తీసుకున్న 2,222 మందిలో మా ముత్తాత తండ్రి ఒకడని ఇంట్లో చెప్పుకుంటారు. ఆ కథ నాయన నోట వందసార్లు విన్నా. కరువు రోజులు. ఒంగోలు అమెరికన్ మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలవ తవ్వకంలో మూడున్నర మైళ్లు కాంట్రాక్టు తీసుకుని జనానికి పనీ కూలీ చూపించాడు. బాప్తిస్మం ఇమ్మని ఎంతమంది అడిగినా, కూటి కోసం వస్తున్నారేమోనని, ఆ సాయం నడిచినంత కాలం ఇవ్వలేదు. సాయం ఆగాకే ఏట్లో దిగింది.

ఆ పూట మంచం మీద ఆ కథకి నాయన కొత్త తోక తగిలించాడు. "గంజి కోసం నమ్ముతున్నారేమోనని దొర బయపడ్డాడు. నువ్వేమో గంజి మానేసి కొనాలని చూస్తన్నావు. రెండూ బేరమే గదమ్మా."

నాకు నోరు పెగల్లేదు. పెళ్లయ్యాక నేను లూథరన్ గుడికి మారినదాన్ని. రక్షణ క్రియల వల్ల కాదు, విశ్వాసం వల్లే అని పట్టుబట్టిన మార్టిన్ లూథర్ పేరున్న గుడి! "మీరు విశ్వాసముద్వారా కృపచేతనే రక్షింపబడియున్నారు" అనే ఎఫెసీ వచనం నిద్రలో లేపి అడిగినా అప్పజెప్తా. అయినా ఆ 31 రోజులూ నేను నమ్ముకున్నది గడుల్ని. క్రీస్తుని కూలీలకు మస్టరు వేసే మేస్త్రీని చేసి పక్కన నిలబెట్టుకున్నా.

రాత్రి వార్డు బయట బెంచీ మీద కూర్చుని ఫోన్లో మత్తయి 6 తీశా. ఉపవాసం చేసేటప్పుడు "నీ తల అంటుకొని, నీ ముఖము కడుగుకొనుము" అని యేసు చెప్పిన చోటు. ఎన్నిసార్లు చదివానో. చెయ్యి దానంతటదే జుట్టు మీదికి పోయింది. ఆయన నూనె పెట్టుకోమన్నాడు, నేను ఆయన కోసమని నూనె మానేశా. తెల్లారి ఆసుపత్రి ఎదురు కొట్లో కొబ్బరినూనె పొట్లం కొన్నా.

ఉపవాసం తప్పని నేననడం లేదు. యేసే 40 రోజులు ఉన్నాడు. మా అత్తగారు ఇప్పటికీ శుక్రవారాలు ఉంటారు. ఇంట్లో నాకు తప్ప ఎవరికీ తెలీదు, నాకైనా మధ్యాహ్నం గిన్నెలు తోముతూ ఒక కంచం తగ్గితే తెలిసింది.

నాయన ఇప్పుడు మా దగ్గరే ఉంటున్నాడు. ఈ ఏడూ గుడిలో కార్డులు పంచారు, వద్దనలేక తెచ్చుకున్నా. మర్నాడు పొద్దున ఆయన వేలు గుచ్చి షుగరు చూశాక, రాసిపెట్టడానికి కాగితం వెతుకుతుంటే అదే చేతికొచ్చింది.

"ఫాస్టింగ్ ఎంతమ్మా?" అన్నాడు మంచం మీంచి.

మొదటి గడిలో 168 అని రాశా. ఆదివారాలకి గడి లేదు కదా, వాటిని అంచు మీద రాస్తున్నాం.