పక్షికొక లెన్స్, పత్తికొక లెన్స్

కెమెరాతో వచ్చిన 18-55 కిట్ లెన్స్‌తోనే రెండేళ్లు గడిపాను. ఈ అంకెలు లెన్స్ ఫోకల్ లెంగ్త్, మిల్లీమీటర్లలో: చిన్న అంకె దగ్గర విశాలమైన దృశ్యం పడుతుంది, పెద్ద అంకె దగ్గర దూరంలోనిది దగ్గరగా కనిపిస్తుంది. శ్రీకాకుళం జిల్లాలోని శాలిహుండం కొండ ఎక్కి, వంశధార మలుపును 18 దగ్గర, ఎఫ్/8 అపర్చర్‌తో (వెలుతురు వచ్చే రంధ్రం; ఎఫ్ అంకె పెరిగేకొద్దీ చిన్నదవుతుంది) తీసిన ఫోటో ఇప్పటికీ మా ఇంటి గోడ మీద ఉంది. కళింగపట్నం లైట్‌హౌస్‌కూ అదే సరిపోయింది. ప్రకృతి దృశ్యాల కోసం వెంటనే వెడల్పు లెన్స్ కొనాలని తొందరపడేవారికి, ముందు ఉన్నదాన్ని పూర్తిగా వాడమని చెబుతాను.

చిక్కు తేలినీలాపురంలో మొదలైంది. టెక్కలి దగ్గరి ఈ ఊరికి ఏటా పెలికాన్లు, పెయింటెడ్ స్టార్క్ కొంగలు వలస వచ్చి, చెట్ల మీద గూళ్లు కట్టి పిల్లలను పెంచుతాయి. 55 దగ్గర తీస్తే పక్షి బియ్యపుగింజంత పడింది. ఇంకా దగ్గరికి వెళ్లి గూళ్లను బెదరగొట్టడం నాకు ఇష్టం లేదు. విశాఖపట్నం వెళ్లి, ఒకరి దగ్గర 70-300 పాత లెన్స్ కొన్నాను. ఎండకు ఎదురుగా తీసిన ప్రతి ఫోటో పాలు కలిపినట్టు వెలిసిపోయి వస్తుంటే అనుమానం వచ్చి, ఫోను టార్చి ఒక వైపు నుంచి వేసి రెండో వైపు నుంచి చూశాను. లోపలి గాజు మీద సాలెగూడు అల్లినట్టు సన్నని పోగులు. బూజు! అమ్మినాయన వెనక్కి తీసుకోలేదు. బాగుచేయించడానికి అడిగిన కూలి, కొన్న ధరలో సగం. మన సముద్రతీరపు తేమలో పాత లెన్స్ కొనేవారు ఈ టార్చి పరీక్ష చేయకుండా డబ్బు ఇవ్వవద్దు. నేను ఇప్పుడు లెన్స్‌లను సిలికా జెల్ పొట్లాలతో గాలి చొరబడని డబ్బాలో ఉంచుతున్నాను.

తరువాత 55-250 కొత్తది కొన్నాను. నా కెమెరా సెన్సార్ (ఫోటోను పట్టే పలక) చిన్నది కనుక, పెద్ద సెన్సార్ ఉండే ఫుల్‌ఫ్రేమ్ కెమెరా మీద 400 చూపినంత దగ్గరగా ఇది చూపిస్తుంది. ఇందులోని స్టెబిలైజర్ నా చేతి వణుకును ఆపుతుంది గానీ పక్షి రెక్కను ఆపలేదు. ఎగిరే పెలికాన్‌కు షట్టర్ వేగం సెకనులో 1/1000 వంతు కన్నా తగ్గించను.

పొందూరులో ఖద్దరు నూలు వడికే ఒక మామ్మ ఇంట్లో మాత్రం ఈ రెండు లెన్స్‌లూ చేతులెత్తేశాయి. ఒకే కిటికీ. ఎఫ్/5.6 దగ్గర, ఐఎస్ఓ (వెలుతురుకు సెన్సార్ స్పందించే స్థాయి) 3200 పెట్టినా షట్టర్ 1/15 దాటలేదు. చరఖా తిప్పే చేయి మసకబారిపోయింది. "లైటు వేయమంటావా బాబూ?" అంది మామ్మ. ఆ కిటికీ వెలుగే నాకు కావాలి. అంటే ఎఫ్/1.8 ప్రైమ్ లెన్స్ (జూమ్ లేనిది) కావాలి. ఎఫ్/5.6తో పోలిస్తే సుమారు పది రెట్ల వెలుతురు లోపలికి వస్తుంది.

35 కొనాలా, 50 కొనాలా? కిట్ లెన్స్ జూమ్ కదలకుండా టేపు అంటించి, ఒక రోజంతా 35లో, మరుసటి రోజంతా 50లో తీశాను. 35లో గది, చరఖా, మామ్మ కలిసి పట్టారు. 50లో ఆమె చేతులు, వేళ్ల మధ్య సాగే పోగు. నేను మళ్లీ మళ్లీ తెరిచి చూసుకున్నవి చేతుల ఫోటోలే. 50 కొన్నాను.

పత్తిని శుభ్రం చేయడానికి వాడే వాలుగ చేప దవడ ఇంకా మిగిలింది. దాని పళ్లు దువ్వెన పళ్ల కన్నా సన్నం. 50 అంత దగ్గరగా ఫోకస్ కాదు. చిన్న వస్తువులను అతి దగ్గరగా తీసే మాక్రో లెన్స్‌కు డబ్బు లేక, గాజు లేని ఎక్స్‌టెన్షన్ ట్యూబును కెమెరాకూ లెన్స్‌కూ మధ్య బిగించాను. అంత దగ్గరలో ఎఫ్/1.8 పెడితే ఒక్క పన్ను మాత్రమే స్పష్టంగా వచ్చింది. ట్రైపాడ్ వేసి, దవడను కిటికీ గట్టు మీద పెట్టి, మరిన్ని పళ్లు స్పష్టంగా రావాలని ఎఫ్/11తో తీశాను. మామ్మ కెమెరా తెరను కళ్ల దగ్గర పెట్టుకుని చాలాసేపు చూసింది.

"ఇక్కడ రెండు పళ్లు విరిగాయి బాబూ. కొత్త దవడ తీయాలి," అని లేచింది.