లెవెల్ 1 రాకెట్: కిట్ పెట్టె నుంచి లాంచ్ రెయిల్ (రాకెట్‌ను నిలిపి ఎగరేసే నిలువు పట్టా) దాకా నా అనుభవం

హై పవర్ రాకెట్ కడుతున్నానంటే అందరూ మొదట అడిగేది "ఎంత ఎత్తుకు వెళ్తుంది?" అనే. ఎత్తు సంగతి మోటార్, అంటే మందు మండి రాకెట్‌ను తోసే ఇంజిన్, చూసుకుంటుంది. మన చేతి పనంతా అది విరగకుండా పైకి వెళ్లి, పారాచూట్‌తో క్షేమంగా దిగడం కోసమే. అమెరికాలో నార్, ట్రిపోలీ అనే అభిరుచి రాకెట్ సంఘాలు ఇచ్చే లెవెల్ 1 సర్టిఫికేషన్‌ షరతు కూడా ఇదే: హెచ్ లేదా ఐ తరగతి మోటార్‌తో ఎగరాలి, మళ్లీ ఎగరేయగలిగే స్థితిలో నేలకు చేరాలి. ఒక్కో అక్షరానికీ మోటార్ మొత్తం ఇంపల్స్ (తోపు బలం, అది పనిచేసే కాలం కలిపి లెక్కించే కొలత) పరిమితి రెట్టింపవుతుంది. హెచ్ అంటే 160 నుంచి 320 న్యూటన్ సెకన్లు.

నా కిట్‌లో ఏడున్నర సెంటీమీటర్ల వ్యాసం ఉన్న అట్ట గొట్టం, ప్లాస్టిక్ నోస్ కోన్ (ముందుండే మొన), మూడు ప్లైవుడ్ ఫిన్లు (తోక రెక్కలు), 29 మిల్లీమీటర్ల మోటార్ గొట్టం, దాన్ని మధ్యలో నిలిపే రింగులు ఉన్నాయి. ఎక్కువ సమయం తీసుకున్నది ఫిన్ల దగ్గరే. బయటి గొట్టానికి ఉన్న చీలికల్లోంచి ఫిన్ లోపలికి వెళ్లి మోటార్ గొట్టాన్ని తాకుతుంది. అసలు బలం ఆ లోపలి అతుకుదే. అందుకే వెనక రింగును అప్పుడే అంటించకుండా పక్కన పెట్టి, ఆ ఖాళీలోంచి ప్రతి ఫిన్ మొదలుకూ రెండు వైపులా ఎపాక్సీ జిగురు పోశాను. రాకెట్‌ను తిప్పుతూ ఒక్కో మూలా గట్టిపడేదాకా ఆగాలి. తొందరపడితే ఎపాక్సీ కారిపోతుంది. అంటించే ప్రతి చోటా నునుపు పోయేలా శాండ్‌పేపర్‌తో రుద్దడం తప్పనిసరి. నున్నటి అట్ట మీద ఎపాక్సీ పట్టు నిలవదు. పూర్తయ్యాక ఎవరికీ కనిపించని పని ఇది, అయినా నాకు అన్నిటికంటే తృప్తినిచ్చింది ఇదే.

షాక్ కార్డ్, అంటే విడిపోయిన నోస్ కోన్‌నూ పారాచూట్‌నూ గొట్టానికి పట్టి ఉంచే తాడు, కోసం బలమైన కెవ్లార్ తాడును మోటార్ గొట్టం చుట్టూ బిగించి, ముందు రింగు దగ్గర ఎపాక్సీతో పట్టించాను. గొట్టం పక్కన సన్నటి రంధ్రం కూడా వేయాలి. పైకి వెళ్లేకొద్దీ బయట గాలి ఒత్తిడి తగ్గుతుంది, లోపల చిక్కుకున్న గాలి నోస్ కోన్‌ను ముందే తోసేసే ప్రమాదం ఉంది.

రంగు పూర్తయ్యాక మోటార్, పారాచూట్ అన్నీ పెట్టి తూచితే కిలోన్నర వచ్చింది. నేను ఎంచుకున్నది హెచ్128. ఆ అంకె సగటు థ్రస్ట్ (తోపు బలం), న్యూటన్లలో. బరువుకు కనీసం ఐదు రెట్లు థ్రస్ట్ ఉండాలంటారు, ఇక్కడ ఎనిమిది రెట్లకు పైనే. తర్వాత బ్యాలెన్స్. గరిమనాభి, అంటే సీజీ, గాలి ఒత్తిడి కేంద్రమైన సీపీ కంటే కనీసం ఒక వ్యాసమంత ముందుండాలి. మోటార్ తోక వైపు బరువు పెంచి సీజీని వెనక్కి లాగుతుంది కాబట్టి, ఇది మోటార్ పెట్టాకే చూడాలి. సీజీ మరీ ముందుకు జరిగినా మంచిది కాదు, రాకెట్ గాలికి ఎదురు తిరుగుతుంది.

ఓపెన్‌రాకెట్ అనే సాఫ్ట్‌వేర్‌లో లెక్క వేస్తే సుమారు 400 మీటర్ల ఎత్తు చూపించింది. మోటార్ ఆరిపోయాక రాకెట్ ఏడెనిమిది సెకన్లు తన వేగంతోనే పైకి పోతుంది. పారాచూట్‌ను బయటికి తోసే మందు శిఖరం దగ్గరే పేలేలా డిలే, అంటే మోటార్ ఆరాక ఆ మందు పేలేదాకా పట్టే సమయం, ఎంచుకోవాలి. ముందుగా పేలినా, ఆలస్యమైనా రాకెట్ వేగంలో ఉంటుంది, ఆ విసురుకు తాడు గొట్టాన్ని చీల్చేయగలదు.

లాంచ్ రోజు టెన్షన్ అంతా పారాచూట్ మడతలోనే. వేడి వాయువులు తగలకుండా నోమెక్స్ గుడ్డ చుట్టి, తాళ్లు చిక్కుపడకుండా సర్దాను. సేఫ్టీ ఆఫీసర్ ఫిన్లు కదిపి చూశారు, నోస్ కోన్ బిగువు చూశారు, సీజీ ఎక్కడో అడిగారు. హెచ్ మోటార్‌కు అందరూ కనీసం 30 మీటర్ల దూరంలో ఉండాలి. ఐదు నుంచి కౌంట్‌డౌన్, బటన్, ఒక్కసారిగా గర్జన. ఆ మంట కంటే, పైన నోస్ కోన్ విడిపోయి పారాచూట్ విచ్చుకున్న క్షణం కోసమే నా కళ్లు వెతికాయి. విచ్చుకుంది!

దిగాక రాకెట్‌ను పరీక్షకుడికి చూపించాను. ఫిన్లు బిగువుగా ఉన్నాయి, గొట్టం నలగలేదు, మోటార్ కేసు దాని చోటే ఉంది. ఫారం మీద సంతకం అయింది. ఇక మిగిలింది కేసు శుభ్రం చేయడం. అది ఆ సాయంత్రమే చేసేయండి, లోపలి మసి గట్టిపడితే తీయడం చాలా కష్టం.