రాడ్ల సంగతి అడిగి నవ్వులపాలయ్యాను: స్విఫ్ట్ డీజిల్ రీమ్యాప్, నా అనుభవం

నిన్న రాత్రే బండితో నల్లగొండ చేరాను. బండి బ్రహ్మాండంగా ఉంది. హైదరాబాద్‌లో ఆ రీమ్యాప్ (ఇంజన్ కంప్యూటర్‌లోని ప్రోగ్రాం, అంటే మ్యాప్, మార్చి ఊపు పెంచడం) చేసిన షాపు మీద మాత్రం కోపం చల్లారలేదు, అందుకే ఇప్పుడే రాసేస్తున్నాను.

నాది 2014 స్విఫ్ట్ డీజిల్. ఫియట్ రూపొందించిన 1,248 సీసీ ఇంజన్, 4,000 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజన్ తిరిగే చుట్లు) దగ్గర 75 పీఎస్ శక్తి, 2,000 దగ్గర 190 ఎన్‌ఎం టార్క్ (తిప్పే బలం). నార్కట్‌పల్లి–అద్దంకి రోడ్డు మీద తిరిగేవాళ్లకు నా బాధ తెలుసు. మిర్యాలగూడ దాటాక ఒక సిమెంటు లారీని ఇంకో లారీ దాటుతూ రోడ్డంతా ఆక్రమిస్తుంది. తీరా దారి దొరికేసరికి బండిలో ఊపు ఉండదు.

రీమ్యాప్‌ను ఇంజన్ తట్టుకుంటుందా అని ముందు సిలిండర్లలో ఒత్తిడి కొలిచే కంప్రెషన్ పరీక్ష ఊళ్లోనే చేయించాను. నాలుగు సిలిండర్ల రీడింగులూ దగ్గరదగ్గరగా వచ్చాయి. ఇంజెక్టర్లు బాగున్నాయి. క్లచ్ ఈ మధ్యే మార్చింది.

ఇంజన్ హెడ్ పని చేసే లేత్ షాపులో ఒక కనెక్టింగ్ రాడ్ (పిస్టన్‌ను క్రాంక్‌షాఫ్ట్‌కు కలిపే కడ్డీ) చూశాను. ఎవరో రీమ్యాప్ చేయించుకున్న బండిదట. చేతిలోకి తీసుకుంటే తిన్నగానే ఉంది. మేస్త్రీ దాన్ని చదును పలక మీద పెట్టి, వెనక నుంచి టార్చి వేశాడు. రాడ్ కింద దారమంత వెలుతురు కనిపించింది. "ఇంతే సార్, ఇంజన్ దించడానికి ఇది చాలు" అన్నాడు. రాడ్ వంగితే పిస్టన్ పైదాకా రాదు, ఆ సిలిండర్లో కంప్రెషన్ పడిపోతుంది.

రాడ్‌ను వంచేది పీఎస్ అంకె కాదు, తక్కువ ఆర్‌పీఎంలో సిలిండర్ లోపలి ఒత్తిడి. పెద్ద గేరులో సైకిలు తొక్కుతూ ఎత్తు ఎక్కితే మోకాళ్లు ఏమవుతాయో ఇక్కడ రాడ్లూ అంతే. ఇదే ఇంజన్‌కు వేరే టర్బో (ఇంజన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే పరికరం) పెట్టి కంపెనీయే 90 పీఎస్ రకం అమ్మింది. పీఎస్ 15 పెరిగింది, టార్క్ మాత్రం 200 ఎన్‌ఎం దగ్గరే ఆగింది. తయారుచేసినవాళ్లే అంత ఆచితూచి పెంచారంటే ఊరికే కాదు.

ఇదంతా చదువుకుని షాపుకు వెళ్లాను. పొద్దున్నుంచి కూర్చోబెట్టి, మధ్యాహ్నం దాటాక ల్యాప్‌టాప్ తిప్పి చూపించారు. 98 పీఎస్ అని పెద్ద అక్షరాలు. టార్క్ ఎంత అని అడిగితే, షాపతను 245 అని గొణిగాడు. "అంత టార్క్ 1,800 దగ్గరే వస్తే రాడ్ల పరిస్థితి ఏమిటండీ?" అన్నాను. అతను నా వంక చూడకుండా పక్కనున్న కుర్రాళ్లతో "నల్లగొండ నుంచి వచ్చారు, ట్రాక్టర్ అనుకుంటున్నట్టున్నారు" అన్నాడు. అందరూ నవ్వారు. ఒకడైతే ఫోనులో ఎవరికో చెప్పి మరీ నవ్వాడు. యాభై దాటిన మనిషిని, నా డబ్బుతో నా బండి గురించి అడుగుతుంటే నవ్వారు. ఆ ప్లాస్టిక్ కుర్చీలో నేను ఎలా కూర్చున్నానో నాకే తెలుసు.

లేచి వచ్చేయలేదు. బిల్లు వెనక లెక్క వేసి చూపించాను. టార్క్‌ను ఆర్‌పీఎంతో గుణించి 7,000తో భాగిస్తే సుమారుగా పీఎస్ వస్తుంది. అంటే 4,000 దగ్గర ఈ ఇంజన్ ఇస్తున్నది 130 ఎన్‌ఎం మాత్రమే. అక్కడ 150కి తీసుకెళ్తే 85 పీఎస్ దాటుతుంది. తక్కువ ఆర్‌పీఎంలో టార్క్‌ను 205 దగ్గర కట్టేయండి, ఎక్కువ ఆర్‌పీఎంలో మాత్రం నింపండి అన్నాను. అంతకుమించి గాలి ఇవ్వడం ఈ చిన్న టర్బో వల్ల కాదు. గాలి చాలకుండా డీజిల్ పోస్తే నల్లపొగ, దాని వెంట పిస్టన్ కరిగించే వేడి. అల్యూమినియం 660 డిగ్రీలకే కరుగుతుంది, మన ఎండాకాలంలో టర్బో గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్‌కు తగిలే గాలే నిప్పులా ఉంటుంది. నవ్వులు ఆగాయి. అతను మాట్లాడకుండా మ్యాప్ మార్చాడు. "కస్టమ్ ఫైల్" అని అదనంగా డబ్బు గుంజాడు కూడా. నేను చెప్పిన లెక్కకు నా దగ్గరే రుసుము!

ఇప్పుడు మూడో గేరులో లారీని దాటుతుంటే బండి 3,000 పైన కూడా నీరసపడటం లేదు. అయిదో గేరులో 1,500 దగ్గర యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కే అలవాటు ఉన్నవాళ్లు రీమ్యాప్ జోలికి పోవద్దు. పెట్రోలు బండికి బయటి నుంచి టర్బో బిగించాలనుకునేవాళ్ల కథ వేరు. అక్కడ నాకింగ్ (ఇంధనం అదుపు తప్పి పేలినట్టు మండడం) మొదలైతే రాడ్ కన్నా ముందు పిస్టన్ రింగుల మధ్య గట్లు విరుగుతాయి. దాని గురించి నన్ను అడగకండి, లేత్ మేస్త్రీని అడగండి, అతను నవ్వడు.

డబ్బు కట్టే ముందే పాత ఫైలు (మార్చక ముందున్న అసలు మ్యాప్) పెన్‌డ్రైవ్‌లో తీసుకోండి. నాది సాయంత్రం వాట్సాప్‌లో పంపిస్తామన్నారు. మెసేజ్ చూసినట్టు నీలం టిక్కులు పడ్డాయి, ఫైలు రాలేదు.