రానివారి మ్యాట్లు

ఈ రోజు నెలాఖరు. లెక్కలు చూసుకోవలసిన రోజు కావడం వల్లనేమో, తెల్లవారుజామున 4.30కే మెలకువ వచ్చింది. 5.30 క్లాసు ఎలాగూ నాదే కాబట్టి అయిదింటికల్లా స్టూడియో తలుపులు తెరిచి, నిన్న రాత్రి క్లాసు తాలూకు ఉక్క పోయేదాకా కిటికీలు బార్లా తీసి ఉంచి, తడిగుడ్డతో నేల తుడిచాను. తుడవడానికి మనిషి ఉన్నప్పటికీ, మొదటి క్లాసుకు ముందు నేలను నేనే తుడుచుకోవడం ఆరేళ్ళుగా అలవాటు. ఏ చెక్క పలక అంచు లేచిందో, ఎక్కడ కాలు జారే అవకాశం ఉందో అరికాలికి తెలిసినంతగా కంటికి తెలియదు.

క్లాసుకు 17 మంది వచ్చారు. మా హాలులో 18 మ్యాట్లు పడతాయి. నిజానికి కొలిచి చూస్తే 22 పడతాయి, మొదటి ఏడాది 22 మందినీ కూర్చోబెట్టాను కూడా. మ్యాటు ఆరడుగులకు కాస్త తక్కువ పొడవు, రెండడుగుల వెడల్పే కదా అని లెక్క వేసుకున్నానే గాని, త్రికోణాసనంలో చేతులు చాచిన మనిషి మ్యాటులో ఇమడడనీ, శవాసనంలో తల పక్కన పరాయివారి పాదాలుంటే ఎవరికీ విశ్రాంతి దొరకదనీ నాకు తట్టలేదు. ఆ నెల అదనంగా చేరిన నలుగురి వల్ల వచ్చిన ఫీజు కన్నా, తరువాతి నెల మానేసినవారి వల్ల పోయిన ఫీజే ఎక్కువ.

వెనుక వరుసలో గోడ పక్కన నిలబడే పెద్దాయన నాలుగు నెలల క్రితం అరచేయి మొత్తం గోడకు ఆనించితే గాని, ఒంటికాలి మీద నిలబడే వృక్షాసనంలో నిలబడలేకపోయేవారు. ఈ రోజు చూపుడువేలి కొన మాత్రమే గోడను తాకుతోంది. నేను చూస్తుండగానే ఆ వేలు కూడా గోడ నుంచి గోరంత దూరం జరిగి, రెండు మూడు శ్వాసల పాటు గాలిలో నిలిచి, మళ్ళీ గోడను వెతుక్కుంది. ఆయన సంవత్సరపు చందా గడువు ఈ నెలతో తీరుతుంది. మళ్ళీ కడతారా లేదా అన్న ఆలోచన సరిగ్గా ఆ క్షణంలోనే నా మనసులోకి వచ్చిందన్న సంగతి దాచకుండా ఇక్కడ రాసుకోవాలి. పాఠం చెప్పే మనిషీ పద్దు రాసే మనిషీ ఒకే ఒంట్లో కాపురం చేయవలసి రావడం ఈ వృత్తిలో తప్పని ఇబ్బంది.

క్లాసు అయ్యాక కాగితాలు ముందు వేసుకున్నాను. స్టూడియో ఆదాయవ్యయాల్లో అంతుపట్టనిదేమీ లేదు. అద్దె, కరెంటు, టీచరుకు ఇచ్చేది, బీమా, ఇవన్నీ ముగ్గురు వచ్చినా 18 మంది వచ్చినా ఇంచుమించు ఒకటే. మా ఖర్చుల ప్రకారం ఒక క్లాసు తన ఖర్చు తాను భరించుకోవాలంటే ఏడుగురు ఉండాలి. ఎనిమిదో మనిషి నుంచే మిగులు మొదలవుతుంది. ఉదయం, సాయంత్రం క్లాసులు ఆ గీతను సునాయాసంగా దాటుతాయి. మధ్యాహ్నం క్లాసు ఎన్నడూ దాటలేదు కనుక ఆ వేళ హాలును నాట్యం నేర్పేవారికి అద్దెకిచ్చేశాను.

నన్ను ముంచబోయినవి సంవత్సరపు చందాలు. స్టూడియో తెరిచాక వచ్చిన మొదటి జనవరిలో, కొత్త సంవత్సరపు తీర్మానాల ఊపులో చాలామంది 12 నెలల ఫీజు ఒకేసారి కట్టారు. అదంతా నా సంపాదనే అనుకుని నేలకు కొత్త చెక్క వేయించి, గోడ పొడుగునా అద్దాలు పెట్టించాను. ఆగస్టు వచ్చేసరికి క్లాసులు నిండుగానే ఉన్నాయి, గల్లాపెట్టె మాత్రం ఖాళీగా ఉంది. ఎదురుగా మ్యాట్ల మీద ఉన్నవారిలో ఎవరూ నాకు ఏమీ బాకీ లేరు, వాళ్ళు ఇవ్వవలసినదంతా ఎప్పుడో ఇచ్చేశారు, నేను ఎప్పుడో ఖర్చు పెట్టేశాను. అద్దె కోసం అప్పు చేస్తున్నప్పుడు మా పద్దులు చూసే ఆయన, "మేడమ్, అది మీరు సంపాదించిన డబ్బు కాదు, మీరింకా చెప్పని క్లాసుల తాలూకు బాకీ," అన్నారు. అప్పటి నుంచి సంవత్సరపు చందాలన్నీ వేరే ఖాతాలో పడతాయి, నెలకు పన్నెండో వంతు చొప్పున మాత్రమే వాడుకకు వస్తాయి. మూడేళ్ళుగా అప్పు లేకుండా ఉండడానికీ, నాలుగు నెలల ఖర్చుకు సరిపడే నిల్వ చేతిలో ఉండడానికీ మూలం నేను చెప్పే ప్రాణాయామం కన్నా ఆ రెండో ఖాతాయే.

యోగాను డబ్బుకు అమ్ముకోవడమేమిటని ఇప్పటికీ ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. అలాంటప్పుడు నాకు మైసూరు రాజభవనంలోని యోగశాల గుర్తుకు వస్తుంది. తిరుమలై కృష్ణమాచార్యులవారు 1930లలో అక్కడ పాఠం చెప్పారంటే దాని వెనుక మహారాజు నాలుగో కృష్ణరాజ ఒడెయరు పోషణ ఉంది. తరువాత ప్రపంచమంతటా పేరు తెచ్చుకున్న యోగా గురువులు బి.కె.ఎస్. అయ్యంగారు, పట్టాభి జోయిస్ వంటివారు ఆయన వద్ద నేర్చుకున్నవారే. దేశానికి స్వాతంత్ర్యం వచ్చాక ఆ రాజాదరణ పోయింది, 1950లో ఆ శాల మూతపడింది. అంత గొప్ప గురువు ఉండి కూడా నిలబడలేదు. ఆయన శిష్యురాలే అయిన ఇంద్రాదేవి అంతకు ముందే, 1940ల చివర్లో, హాలీవుడ్‌లో స్టూడియో తెరిచారు. అక్కడ పోషించడానికి రాజు లేడు, ఫీజు కట్టి వచ్చే విద్యార్థులే ఉన్నారు. నేనూ ఆ రెండో దారిలోనే ఉన్నానని ఇన్నాళ్ళూ అనుకుంటూ వచ్చాను.

ఆ అనుకోవడంలో సగమే నిజమని నెలాఖరు లెక్క చెబుతుంది. ప్రస్తుతం చందా కట్టినవారు 146 మంది. రోజుకు అయిదు క్లాసులు, క్లాసుకు 18 చోట్లు, అంటే రోజుకు 90 మందికే స్థలం. అందరూ రోజూ వస్తే మూడో వంతుకు పైగా జనం గుమ్మం బయట నిలబడాలి. రారన్న నమ్మకంతోనే నేను అంతమందిని చేర్చుకున్నాను, ఫీజు ఇంత తక్కువగా పెట్టగలిగినదీ అందుకే. ఈ నెల ఒక్కసారి కూడా రానివారు 31 మంది. క్రమం తప్పకుండా వచ్చే పెద్దాయన వృక్షాసనానికి ఆ 31 మందీ తమకు తెలియకుండా కొంత చెల్లిస్తున్నారు. మా స్టూడియోకూ మహారాజులు ఉన్నారన్నమాట, కాకపోతే మైసూరు మహారాజుకు తాను పోషిస్తున్నానన్న సంగతి తెలుసు, వీళ్ళకు తెలియదు.

లెక్కలు పక్కన పెట్టి మ్యాట్ల అలమర తెరిచాను. సొంత మ్యాట్లు ఇక్కడే ఉంచుకునేవారు వాటికి పేరు రాసిన చీటీ కట్టి అరల్లో పెడతారు. ఎవరు వస్తున్నారో ఎవరు రావడం లేదో చూడడానికి కంప్యూటరు అక్కర్లేదు, మ్యాటు చుట్ట పైభాగం మీద వేలితో గీస్తే తెలిసిపోతుంది. కింది అరలో ఒక ఊదారంగు మ్యాటు చుట్ట మీద దుమ్ము ఎంతగా పేరుకుందంటే, నా వేలి గీత కింద మరో రంగు మ్యాటు బయటపడినట్లయింది.

పతంజలి యోగసూత్రాల రెండో అధ్యాయమైన సాధనపాదంలో 37వ సూత్రం "అస్తేయప్రతిష్ఠాయాం సర్వరత్నోపస్థానమ్" అంటుంది. దొంగతనం చేయకపోవడంలో స్థిరపడినవాడికి సకల రత్నాలూ వాటంతట అవే వచ్చి చేరతాయని దాని అర్థం. రత్నాల మాట ఉంది కాబట్టి మా వృత్తిలో వారికి ఈ సూత్రం మహా ఇష్టం, షరతు మాత్రం తొందరగా చదివేస్తారు. చెప్పని క్లాసుకు ఫీజు తీసుకోవడం దొంగతనమా? తలుపు తెరిచే ఉంది, రాకపోవడం వారి ఇష్టం, కాబట్టి కాదు అనుకుంటాను. ఆ మనిషి మరిచిపోవాలని కోరుకుంటూ నేను మౌనంగా ఉంటే మాత్రం అవుతుందని నా అభిప్రాయం.

అందుకే రెండేళ్ళుగా, వరుసగా రెండు నెలలు రానివారికి నెలాఖరున నేనే ఫోన్ చేస్తున్నాను. కావాలంటే మిగిలిన నెలలను నిలిపి ఉంచి, వచ్చినప్పటి నుంచి లెక్కిస్తానని చెబుతాను. ఈ పద్ధతి మొదలుపెట్టినప్పుడు పద్దులు చూసే ఆయన, కూర్చున్న కొమ్మను నరుక్కుంటున్నారని హెచ్చరించారు, మొదటి రెండు మూడు నెలలు ఆదాయం తగ్గింది కూడా. అయితే అంతకు ముందు సంవత్సరపు చందాదారుల్లో పదింట ముగ్గురే తిరిగి కట్టేవారు, ఇప్పుడు ఆరుగురు కడుతున్నారు. ఒక కొత్త మనిషిని తెచ్చుకోవడానికి ప్రకటనలకూ ఉచిత క్లాసులకూ అయ్యే ఖర్చుతో పోలిస్తే ఒక ఫోను ఖర్చు లెక్కలోకి రాదు. జూన్ 21న, అంటే 2014 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి ప్రకటించిన యోగా దినోత్సవం నాడు, మా ఉచిత క్లాసులకు హాలు చాలదు. ఆ జనంలో ఎంతమంది ఉన్నారని సెప్టెంబరులో చూస్తే వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు.

ఈ రోజు అయిదుగురికి చేశాను. ఒకరు ఎత్తలేదు. ఒకరు మీటింగులో ఉన్నామని పెట్టేశారు. మోకాలికి ఆపరేషన్ అయిందని ఒకావిడ చెబితే మూడు నెలలు నిలిపివేశాను. మరొకావిడ, "ఇన్నాళ్ళూ రాకుండా ఇప్పుడు వస్తే అందరూ ఏమనుకుంటారో అని సిగ్గుగా ఉంది మేడమ్," అన్నారు. ఆ మాట నేను చాలాసార్లు విన్నాను. జనం మానేసేది బద్ధకంతో, మళ్ళీ రానిది మాత్రం సిగ్గుతో. తక్కువమంది ఉండే గురువారం రాత్రి క్లాసుకు రమ్మన్నాను.

అయిదోవారు ఊదారంగు మ్యాటు యజమాని. ఏడు నెలలుగా రాలేదు, నెలనెలా ఫీజు మాత్రం బ్యాంకు నుంచి దానంతట అదే వస్తోంది. ఆపేయమంటారా అని అడిగాను. ఆయన కొంచెంసేపు మాట్లాడలేదు. తరువాత, "ఆపకండి మేడమ్. అది కడుతున్నంతకాలం ఏదో ఒక రోజు వస్తానన్న ఆశ ఉంటుంది. ఆపేశానంటే ఇక రానని ఒప్పుకున్నట్లే," అన్నారు. నేను సిద్ధం చేసుకున్న మాటలేవీ దానికి పనికిరాలేదు. సరేనండీ అని పెట్టేశాను.

సాయంత్రం క్లాసు చెప్పే అమ్మాయి జీతం పెంచమని అడిగింది. న్యాయమే, రేపు మాట్లాడాలి. రాత్రి తలుపులు వేసే ముందు పద్దు పుస్తకంలో ఆయన పేరుకు ఎదురుగా "నిలిపివేత" అని రాయబోయి ఆగి, ఒక ప్రశ్నార్థకం గుర్తు పెట్టాను. మ్యాటు మీది దుమ్ము తుడవాలా వద్దా అని కూడా తేల్చుకోలేక, నా వేలి గీతతోనే అలమరలో ఉంచి తాళం వేశాను.